తాకట్టు షాపులో పాత వాయిద్యాలు: ఇర్వింగ్‌లో నా రెండేళ్ళ అనుభవం

ముందే చెప్పేస్తాను. కొనడానికైతే ధైర్యంగా వెళ్ళండి, కాకపోతే వాయిద్యం చూడటం తెలిసినవాళ్ళని ఒకరిని వెంట తీసుకెళ్ళండి. అమ్మడానికైతే వేరే దారి లేనప్పుడు వెళ్ళండి. తాకట్టు పెట్టి డబ్బు తీసుకోవడానికైతే మాత్రం, బయల్దేరే ముందు ఇద్దరు స్నేహితులకి ఫోన్ చేసి అడగండి, నామోషీ పడకండి.

నేను రాస్తున్నది టెక్సాస్‌లో ఇర్వింగ్ దగ్గర, మా అపార్ట్‌మెంట్‌కి పది నిమిషాల దూరంలో హైవే సర్వీస్ రోడ్డు మీద ఉన్న ఒక తాకట్టు షాపు గురించి. ఇలాంటివి డాలస్ చుట్టూ చాలా ఉన్నాయి, పద్ధతి కూడా ఇంచుమించు ఒకటే కాబట్టి పేరు రాయడం లేదు. రెండేళ్ళలో అక్కడ ఒక ఫిడేలు కొన్నాను, ఒక కీబోర్డు అమ్మాను, మా బావమరిది గిటారు ఇచ్చి ఇంకో గిటారు తెచ్చుకున్నాడు, చివరికి ఒక హార్మోనియం కూడా మా ఇంటికి వచ్చింది. అన్నీ ఒకే కౌంటర్ దగ్గర, చాలావరకు ఒకే పెద్దాయనతో జరిగిన బేరాలు.

మన దగ్గర తాకట్టు అంటే బంగారమే. వీధి చివర సేటు దగ్గరో బ్యాంకులోనో గాజులు పెట్టడం తెలుసు గానీ, గిటారు పెట్టి అప్పు తీసుకోవడం మనం ఎరగం. ఇక్కడ డ్రిల్లింగ్ మిషన్లు, టీవీలు, తుపాకులు, ఉంగరాలు, వాటి మధ్యలో ఒక గోడ నిండా గిటార్లు. మొదటిసారి వెళ్ళినప్పుడు మా ఆవిడ కారు దిగనంది. ఎవరో కష్టంలో వదిలేసుకున్న వస్తువు మన పిల్ల చేతిలో పెట్టడమేమిటి అని. ఆ బాధ నాకూ లేకపోలేదు. కానీ లోపలికి వెళ్ళి చూస్తే, అక్కడి సరుకంతా తాకట్టులో పోయినదే కాదు. అవసరం తీరిపోయి నేరుగా అమ్మేసినవి చాలానే ఉంటాయని పెద్దాయన చెప్పాడు. ముఖ్యంగా మే నెలాఖర్లో స్కూళ్ళు మూసేశాక, ఇక బ్యాండు వద్దనుకున్న పిల్లల క్లారినెట్లు, ట్రంపెట్లు, ఫ్లూట్లు వస్తాయట.

ఇక ఫిడేలు సంగతి. మా అమ్మాయి ఆరో తరగతిలో స్కూల్ ఆర్కెస్ట్రాలో చేరింది, ఇక్కడ చాలా స్కూళ్ళలో ఆరో తరగతి నుంచే మొదలుపెడతారు. శనివారాలు ఇంట్లో నా దగ్గర కర్ణాటక సంగీతం నేర్చుకుంటుంది. మూడొంతుల సైజు ఫిడేలు అద్దెకి తీసుకుని నెలకి 28 డాలర్లు కట్టాం. పిల్ల ఎదిగి ఫుల్ సైజుకి వచ్చేసరికి ఇంకా ఎన్నాళ్ళు అద్దె కడతాం అనిపించింది. ఆన్‌లైన్‌లో 100 డాలర్లకి కొత్త ఫిడేళ్ళు దొరుకుతాయి, నేనూ ఒకటి తెప్పించి వెనక్కి పంపేశాను. బిరడాలు (తీగలు బిగించే కర్ర మేకులు) నిలవలేదు, ఫింగర్‌బోర్డు, అంటే వేళ్ళు ఆనించే పలక మీద నల్ల రంగు వేలికి అంటింది.

షాపులో ఈ ఫిడేలు పెట్టె గడ్డి కోసే మిషన్ వెనకాల షెల్ఫు మీద ఉంది. ట్యాగు 180 డాలర్లు. తీసి చూస్తే తీగల్ని ఎత్తి పట్టే బ్రిడ్జి పడిపోయి ఉంది, రెండు తీగలు లేవు, కమానుకి గుర్రపు వెంట్రుకలు సగం కూడా లేవు. వాయించి చూసే అవకాశమే లేదు. ఫిడేలుని కొంచెం వంచితే లోపల ఏదో దొర్లుతున్న చప్పుడు. అది సౌండ్ పోస్ట్, అంటే పై చెక్కకి, వెనక చెక్కకి మధ్య ఊతంగా నిలబెట్టే చిన్న గుండ్రటి కర్ర. అది పడిపోయిన ఫిడేలుకి పొరపాటున కూడా తీగలు బిగించకూడదు, ఆ బరువుకి పై చెక్క కుంగిపోతుంది, పగిలినా పగులుతుంది. చిన్నప్పుడు విజయనగరం సంగీత కళాశాలలో నాలుగేళ్ళు నేర్చుకున్నాను. 1919లో పెట్టిన కాలేజీ, ద్వారం వెంకటస్వామి నాయుడు గారు ప్రిన్సిపాల్‌గా చేసిన చోటు. అక్కడ మా మాస్టారు మొదటి వారం కమాను ముట్టుకోనివ్వలేదు, ఫిడేలు ఎలా నిలబడి ఉంటుందో చూపించారు. ఆ వారం ఇన్నేళ్ళకి ఇక్కడ పనికొచ్చింది.

వాయించకుండా కొనాలంటే చెక్కనే చదవాలి. ఫోన్ టార్చి వెలుగులో ముందు వెనక చెక్క చూశాను, ముఖ్యంగా సౌండ్ పోస్ట్ ఆనే చోట. అక్కడ పగులు ఉంటే బేరం మానేసి వచ్చేయండి, బాగుచేయించడానికి ఫిడేలు ఖరీదు కన్నా ఎక్కువవుతుంది. పై చెక్కలో ఎఫ్ ఆకారం కంతల చివర్లలో సన్న పగుళ్ళు ఉంటాయేమో గోటితో తడిమి చూశాను. తర్వాత చుట్టూ అంచు వెంట వేలి కణుపుతో మెల్లగా తట్టుకుంటూ వెళ్ళాను. ఒకచోట డొల్లగా చప్పుడు వచ్చింది, అంటే అక్కడ జిగురు విడిపోయిందన్నమాట. అది భయపడాల్సిన విషయం కాదు. ఫిడేళ్ళని అతికించేది జంతు చర్మపు జిగురుతో, అవసరమైతే విప్పుకునేలా. వేడికి ఆ జిగురు మెత్తబడుతుంది, టెక్సాస్ ఆగస్టులో కారు డిక్కీలో వదిలేస్తే ఏ ఫిడేలైనా అలాగే అవుతుంది. అంచు చుట్టూ కనిపించే రెండు నల్ల గీతలు చెక్కలో పొదిగినవా, పెన్నుతో గీసినవా అని కూడా చూశాను. చవక ఫిడేళ్ళకి గీసేస్తారు. దీనికి పొదిగారు. ఫింగర్‌బోర్డు నిజమైన ఎబొనీ నల్ల చెక్క, పక్కనుంచి చూస్తే చెక్క రేఖలు కనిపించాయి. మెడ నిటారుగా ఉంది.

లోపల లేబుల్ మీద ఆంటోనియస్ స్ట్రాడివేరియస్ అని, కింద 1721 అని ఉంది. పెద్దాయన కొంచెం ఆశగానే చూపించాడు. నేను ఆయనకి ఆ కింద చిన్న అక్షరాల్లో ఉన్న 'మేడ్ ఇన్ జర్మనీ' చూపించాను. ఆ పేరుమోసిన ఫిడేళ్ళ పనివాడు స్ట్రాడివారి ఇటలీలో క్రెమోనా మనిషి, 1737లో చనిపోయాడు. దిగుమతి సరుకు మీద ఏ దేశంలో చేశారో ఇంగ్లీషులో రాయాలని అమెరికా 1890లో చట్టం చేసింది, కాబట్టి ఆ ముద్ర ఉన్న ఫిడేలు ఆ తర్వాతదే. జర్మనీలో మార్క్‌నోయ్‌కిర్షెన్ చుట్టుపక్కల ఊళ్ళలో ఇలాంటివి వేలకి వేలు చేసి, పాత మాస్టర్ల పేర్లు అంటించి ఇక్కడికి పంపేవాళ్ళు, సియర్స్ లాంటి కంపెనీలు కేటలాగుల్లో అమ్మేవి. మోసమని కాదు, 'ఆ నమూనాలో చేసింది' అని దాని అర్థం. మీ తాతగారి అటకమీద దొరికిన ఫిడేలులో ఆ లేబుల్ ఉంటే దయచేసి కోట్లు వస్తాయని ఆశపడకండి. కానీ పిల్ల నేర్చుకోవడానికి ఆ జర్మన్ ఫిడేలు చాలా మంచిది.

పెద్దాయన వాదించలేదు. ఏమేం లేవో, బాగుచేయించడానికి ఎంతవుతుందో కాగితం మీద రాసి చూపిస్తే 140కి ఇచ్చాడు, పెట్టె, కమాను కలిపి. 8.25 శాతం టాక్స్‌తో 151 డాలర్ల 55 సెంట్లు. అక్కణ్ణుంచి నేరుగా ఫిడేళ్ళు బాగుచేసేవాళ్ళ దగ్గరికి తీసుకెళ్ళాను. విడిపోయిన అంచు అతికించి, సౌండ్ పోస్ట్ నిలబెట్టి, బ్రిడ్జి సరిచేసి, కొత్త తీగలు వేసి 90 తీసుకున్నారు. కమానుకి వెంట్రుకలు మార్చడానికి 75. మొత్తం 317 లోపే అయింది, మేం ఏడాది కట్టే అద్దె 336. బిరడాలు మాత్రం ప్రత్యేకంగా చూడమని అడిగాను, ఎందుకంటే మా అమ్మాయి పగలు స్కూల్లో పాశ్చాత్య పద్ధతిలో శ్రుతి చేసుకుంటుంది, శనివారం మళ్ళీ స-ప-స-ప కి మారుస్తాం. బిరడా జారే ఫిడేలుతో అది ప్రాణం తీస్తుంది, పిల్లలు అక్కడే విసిగిపోయి మానేస్తారు. మొదటి శనివారం సరళీ స్వరాలు వాయిస్తుంటే మంద్రంలో పంచమం గదంతా నిండింది. అద్దె ఫిడేలులో ఆ నాదం నేనెప్పుడూ వినలేదు. మా ఆవిడ వంటింట్లోంచి వచ్చి నిలబడి విన్నది.

కీబోర్డు అమ్మడం అంత బాగా జరగలేదు. యమహా పిఎస్ఆర్-ఇ373, కొత్తది 200 డాలర్లు పెట్టి కొన్నది. ఇల్లు మారుతున్నాం, ఫేస్‌బుక్ మార్కెట్‌ప్లేస్‌లో 120కి పెడితే ముగ్గురు వస్తామన్నారు, ముగ్గురూ రాలేదు. నెలాఖరు, ట్రక్కు రేపు వస్తుందన్న టెన్షన్. షాపుకి తీసుకెళ్తే నా కళ్ళముందే ఈబేలో ఇలాంటివి నిజంగా ఎంతకి అమ్ముడయ్యాయో తీసి చూసి, 45 అన్నాడు. అడాప్టర్ ఇంట్లో మర్చిపోయాను. అది తెస్తే 55 ఇస్తానంటే మళ్ళీ ఇంటికి వెళ్ళి తెచ్చాను. మూడు వారాల తర్వాత అదే కీబోర్డు మీద 139 ట్యాగు చూశాను. కడుపు రగిలింది, అబద్ధమెందుకు. కానీ వాళ్ళు అడిగేది 139 అయినా బేరమాడితే 100కే పోవచ్చు, అప్పటిదాకా షెల్ఫు, అద్దె, జీతాలు వాళ్ళవే. అమ్మేవాళ్ళు ఒక్కటి మనసులో పెట్టుకోండి: వాళ్ళు లెక్క మొదలుపెట్టేది మీరు కొన్న ధర నుంచి కాదు, రేపు వాళ్ళకి ఎంత వస్తుందన్న దగ్గర్నుంచి. మీ దగ్గర నెల రోజులు టైముంటే వాయిద్యాలు అమ్మే రివర్బ్ లాంటి సైట్లో పెట్టండి, లేదా మన తెలుగు వాట్సాప్ గ్రూపుల్లో అడగండి. ఈ ఊళ్ళో పిల్లలకి కీబోర్డు వెతుక్కునే ఇల్లు ఎప్పుడూ ఒకటి ఉంటుంది. వెళ్ళక తప్పకపోతే తుడిచి, అడాప్టర్, స్టాండ్, పుస్తకం అన్నీ కలిపి తీసుకెళ్ళండి, మొదట చెప్పిన మాటకి ఒప్పుకోకండి.

మా బావమరిది చర్చిలో గిటారు వాయిస్తాడు. షాపులో ఎర్ర రంగు ఫెండర్ స్ట్రాటోకాస్టర్ ఒకటి 750కి ఉంది, ట్యాగు మీద అమెరికన్ అని రాసి ఉంది. చేతిలోకి తీసుకుని గిటారు తల తిప్పి చూసి, "బావా, ఇది అమెరికాది కాదు" అన్నాడు మెల్లగా. సీరియల్ నంబర్ ఎంఎక్స్‌తో మొదలైంది. ఈమధ్య కాలపు ఫెండర్లలో అది మెక్సికోలోని ఎన్సెనాడా ఫ్యాక్టరీ గుర్తు, కాలిఫోర్నియా కరోనాలో చేసినవాటికి యుఎస్ అని ఉంటుంది. రెండూ అసలైన ఫెండర్లే, మెక్సికోది మంచి గిటారే, కానీ ధర తేడా వందల్లో ఉంటుంది. ఆ రోజు కౌంటర్ దగ్గర ఉన్న కుర్రాడు మొదట ఒప్పుకోలేదు, ట్యాగు వేసింది నేను కాదన్నాడు. లోపల్నుంచి పెద్దాయన వచ్చి నంబర్ చూసి, తప్పు మాదే అని 520కి దించాడు. తప్పు ఒప్పుకున్నందుకు సంతోషమే, కానీ అది చూడటం తెలియనివాళ్ళు 750 కట్టి వెళ్ళిపోయేవాళ్ళు కదా. నా రివ్యూలో ఒక స్టార్ తగ్గింది దీనికే. ట్యాగు మీద రాత నమ్మకండి, వాయిద్యం మీద రాత చదవండి.

మా బావమరిది పాత యమహా ఎఫ్‌జి800 గిటారు నేరుగా అమ్మితే 50, మార్పిడికైతే 70 అన్నారు. మార్పిడికే ఇచ్చాడు. మిగతా 450 కట్టాడు, టాక్స్ కూడా ఆ 450 మీదే పడింది, కాబట్టి మీరు ఎలాగూ అక్కడ ఏదో కొంటుంటే పాతది అమ్మడం కన్నా మార్చుకోవడం మేలు. కొనేముందు యాంప్లిఫయర్‌కి కలిపి అరగంట వాయించనిచ్చారు. తీగల చప్పుడుని పట్టే మూడు పికప్‌లూ, నాబ్‌లూ ఒక్కొక్కటి తిప్పి గరగర వస్తుందేమో చూసుకున్నాడు. ఎవ్వరూ తొందరపెట్టలేదు. ఈ ఒక్క విషయంలో నేను చూసిన కొత్త వాయిద్యాల షాపుల కన్నా ఇదే నయం. కాకపోతే వాపసు లేదు, రసీదు మీద స్పష్టంగా రాసి ఇస్తారు. పరీక్ష అంతా అక్కడే అయిపోవాలి.

తాకట్టు సంగతి నేను చేసింది కాదు, నాకు తెలిసిన ఒక ఎంఎస్ కుర్రాడు చేసింది. అద్దెకి తక్కువపడి గిటారు పెట్టి 120 డాలర్లు తీసుకున్నాడు. టెక్సాస్‌లో ఇంత చిన్న మొత్తాలకి నెలకి 20 శాతం దాకా వసూలు చేసుకోవచ్చని చట్టమే ఒప్పుకుంటుంది. సంవత్సరానికి కాదు, నెలకి. అంటే నెలకి 24 డాలర్లు. గడువు నెల, ఆ తర్వాత ఇంకో 30 రోజులు ఆగుతారు, అప్పటికీ విడిపించుకోకపోతే వస్తువు షాపుదవుతుంది. వాడు రెండు నెలలకి 168 కట్టి విడిపించుకున్నాడు. షాపువాళ్ళు మోసం చేయలేదు, చీటీ మీద అన్నీ రాసే ఇచ్చారు, గడువు దగ్గరపడితే మెసేజ్ కూడా పంపారు. కట్టకపోయినా మీ వెంటపడరు, క్రెడిట్ స్కోరుకి ఏమీ కాదు, వస్తువు పోతుంది అంతే. అయినా 120కి 48 వడ్డీ అని తెలిసిన రోజు నాకు నిద్ర పట్టలేదు. వాడు నన్ను అడిగి ఉంటే ఇచ్చేవాణ్ణి. చదువుకోడానికి వచ్చిన పిల్లలు ఎవరైనా ఇది చదువుతుంటే, మీ ఊరివాళ్ళు, మీ కాలేజీ సీనియర్లు ఇక్కడ వేలమంది ఉన్నారు, అడగండి. పెట్టక తప్పకపోతే చీటీ ఫోటో తీసుకోండి, గిటారు అన్ని వైపులా, సీరియల్ నంబర్‌తో సహా ఫోటోలు తీసుకోండి.

దొంగ సరుకు భయం చాలామంది అడిగారు. అమ్మేవాళ్ళెవరైనా ప్రభుత్వం ఇచ్చిన గుర్తింపు కార్డు చూపించాలి, వివరాలు వాళ్ళు రాసుకుంటారు, పోలీసులకి అందుబాటులో ఉంటాయి. అందుకే దొంగలు ఇక్కడికి రావడం కన్నా ఆన్‌లైన్‌లో అమ్మడమే ఎక్కువని పెద్దాయన మాట. అయినా మీరు చూసుకోండి. ఒకసారి ఒక క్లారినెట్ పెట్టె మీద స్కూల్ డిస్ట్రిక్ట్ స్టిక్కర్ చింపేసిన గుర్తు, లోపల నంబర్ గీకేసిన జాడ కనిపించాయి. ఆయనకి చూపించాను. ఏమీ మాట్లాడకుండా తీసి లోపల పెట్టాడు, తర్వాతి వారం అది స్కూలుకి వెళ్ళిపోయిందని చెప్పాడు. నాకు ఆ షాపు మీద నమ్మకం కుదిరింది ఆ రోజే.

హార్మోనియం మాత్రం వెతికి కొన్నది కాదు. కింది షెల్ఫులో, టూల్‌బాక్సుల పక్కన, 'చిన్న ఆర్గన్, పని చేయదు' అనే ట్యాగుతో 45 డాలర్లకి ఉంది. ఎవరు తెచ్చారో, ఎన్ని ఇళ్ళు మారిందో. వార్నిష్ పోయింది, రెండు మెట్లకి తెల్ల పలక ఊడిపోయింది. పని చేయదని ఎలా తెలిసిందని అడిగితే, మెట్లు నొక్కితే చప్పుడు రాలేదన్నాడు. వెనకాల తిత్తి కొక్కెం వేసే ఉంది! అది తీసి, ముందున్న స్టాపులు రెండు లాగి, ఎడమచేత్తో తిత్తి కొడుతూ మాయామాళవగౌళ ఆరోహణ వాయించాను. మధ్యమం దగ్గర ఒక రీడు పలకలేదు, తారస్థాయిలో ఒకటి తెగ గీరింది, మిగతావన్నీ పలికాయి. డ్రిల్లు కొనడానికి వచ్చినవాళ్ళు తిరిగి చూశారు. పెద్దాయన కౌంటర్ వదిలి వచ్చి, గాలి ఎక్కణ్ణుంచి వెళ్తుందో చూపించమన్నాడు. మూత తీసి రీడ్లు చూపించాను. ఇత్తడి నాలుకలు వరసగా, గుజరాత్‌లోని పాలిటానా ఊరు ఈ రీడ్లకి పేరని చెప్పాను. చాలాసేపు వంగి చూశాడు.

పనిచేస్తుందని తెలిసింది కదా, ఇప్పుడు ధర పెంచేస్తాడని అనుకున్నాను. పెంచలేదు. ట్యాగు మీద 45 ఉంది కాబట్టి 45 అన్నాడు. నేనూ ఒక్క డాలరు తగ్గించమని అడగలేదు. మళ్ళీ ఇలాంటివి వస్తే చూసి చెప్తారా అని నా నంబర్ తీసుకున్నాడు. ఆ తర్వాత రెండుసార్లు ఫోటోలు పంపాడు: ఒకసారి తబలా జత, డగ్గా (ఎడమచేతి వైపుది) మీది చర్మం చిరిగింది, వద్దన్నాను, ఇంకోసారి ఒక ఎలక్ట్రానిక్ శ్రుతి పెట్టె, దాన్ని రేడియో అనుకున్నారు.

వెళ్ళేవాళ్ళకి ఒక మాట: శనివారం వెళ్ళకండి, తాకట్లు విడిపించుకునేవాళ్ళతో వరస తలుపుదాకా ఉంటుంది, వాయించి చూస్తామంటే ఎవరికీ తీరిక ఉండదు. వారం మధ్యలో మధ్యాహ్నం వెళ్తే మనిషి నిలబడి మాట్లాడతాడు. శ్రుతి చూసే ఆప్, చిన్న టార్చి, కీబోర్డు చూసేపనైతే మీ సొంత హెడ్‌ఫోన్లు పట్టుకెళ్ళండి. కీబోర్డుకి ప్రతి మెట్టూ మెల్లగా ఒకసారి, గట్టిగా ఒకసారి నొక్కి, బ్యాటరీ మూత తీసి లోపల తుప్పు ఉందేమో చూడండి.

కొనడానికి నా లెక్కలో 5కి 4, అమ్మడానికి 2. హార్మోనియం ఇప్పుడు మా వీధిలో శనివారం భజన జరిగే ఇంట్లో ఉంది. గీరే రీడుని నేనే సన్న బ్లేడుతో దుమ్ము తీసి సరిచేశాను, పలకని మధ్యమానికి మాత్రం వచ్చే సంక్రాంతికి ఇండియా నుంచి వచ్చే మా అన్నయ్య కొత్త రీడు తెస్తానన్నాడు.